ముందు కుర్చీ, తర్వాతే పుస్తకం

‘‘ఒకప్పుడు తెగ చదివేవాణ్ణండీ...’’

పుదుచ్చేరిలో ఇద్దరు తెలుగువాళ్ళు కలిసి పుస్తకాల ఊసెత్తితే చాలు, ఈ మాట వచ్చి తీరుతుంది. యానాం నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా అంటాడు. జిప్మర్ ఆసుపత్రిలో పనిచేసే నర్సు అంటుంది. పెళ్ళయి ఒంగోలు నుంచి వచ్చి, పిల్లలు కాలేజీ మెట్లెక్కేదాకా ఇక్కడే ఉండిపోయిన ఇల్లాలు అంటుంది. దాని వెనకాలే వచ్చే మాట కూడా అందరిదీ ఒకటే: ‘‘ఇప్పుడు టైమెక్కడిదండీ!’’

మీరూ ఈ బాపతేనా? అయితే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఫోన్‌లో స్క్రీన్ టైమ్ అని ఒక లెక్క ఉంటుంది, తెరిచి చూడండి. చూశారా? సరే, ఎవరికీ చెప్పక్కర్లేదు. టైం సంగతి తేలిపోయింది కాబట్టి అసలు సంగతికి వద్దాం.

లాస్‌పేటలో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకుండే గుమాస్తా ఒకాయన ఉన్నాడనుకోండి. సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరతాడు. హాల్లో టీవీ. లోపలి గదిలో పిల్ల హోంవర్కు. వంటింట్లో కుక్కరు కూతలు. పుస్తకం పట్టుకుని ఎక్కడ కూర్చోవాలి? భోజనాలయ్యాక మంచమెక్కి, దిండుకు ఆనుకుని తెరుస్తాడు. మూడో పేజీకి కళ్ళు మూతపడతాయి, పుస్తకం మొహం మీద పడుతుంది. మర్నాడు మళ్ళీ అదే మూడో పేజీ. పదిరోజులు ఇలా గడిచాక, తనలో చదివే ఓపిక చచ్చిపోయిందని తీర్మానించేసుకుంటాడు. ఓపికకేమీ కాలేదు. ఆయనకు కుర్చీ లేదు, అంతే.

చదివే అలవాటు గురించి వచ్చే పుస్తకాలు చాలావరకు పట్టుదల గురించి చెబుతాయి. ఇక్కడ పట్టుదల ప్రసక్తి రాదు. చోటు, వేళ, వాయిదా, ఈ మూడింటి ఏర్పాటు గురించే మాట్లాడుకుందాం. పుదుచ్చేరి ఇందుకు భలే అనువైన ఊరు.

1. కూర్చునే చోటు ఖాయం చేయండి

ఇంట్లో అయితే ఒక్క కుర్చీ చాలు. ప్లాస్టిక్‌ది అయినా పర్వాలేదు. కిటికీ పక్కన వేయండి. చేతికి అందే దూరంలో ప్లగ్ పాయింటు లేకుండా చూసుకోండి. ఛార్జరు ఉన్నచోటికి ఫోను వస్తుంది, ఫోను వచ్చాక పుస్తకం మూతపడుతుంది. చదువుతున్న పుస్తకాన్ని అల్మరాలో సర్దకండి, ఆ కుర్చీ మీదే వదిలేయండి. అక్కడ కూర్చోవాలంటే ముందు దాన్ని చేతిలోకి తీసుకోక తప్పదు మరి. ఇంట్లోవాళ్ళు ‘ఇదేంటి ఇక్కడ’ అని రోజూ సర్దేస్తుంటే, మొహమాటపడకుండా అడ్డు చెప్పండి.

ఇంట్లో కుదరదా? ఊళ్ళోకి రండి. భారతి పార్కు దగ్గర్లోనే రోమా రోలా గ్రంథాలయం ఉంది. ఫ్రెంచివాళ్ళు 1827లో పెట్టిన పబ్లిక్ లైబ్రరీ అది. ఇండియాలో అడుగుపెట్టకుండానే గాంధీ మీదా, రామకృష్ణ పరమహంస మీదా, వివేకానందుడి మీదా పుస్తకాలు రాసిన నోబెల్ రచయిత రోమా రోలా పేరు దానికి తర్వాత పెట్టారు. సర్కారీ గ్రంథాలయం అనగానే దుమ్మూ, కునుకుతున్న గుమాస్తా గుర్తొచ్చి మొహం చిట్లించేవాళ్ళు ఉంటారు. మీరు వెళ్ళేది అలంకారం చూడ్డానికి కాదు కదా. అక్కడ మీ ఎదురుగా పోటీ పరీక్షల కుర్రాడు తల వంచుకుని లెక్కలు చేస్తుంటాడు, పక్కన పెద్దాయన పేపరును మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నమిలేస్తుంటాడు. ఇంతమంది తలలు వంచుకుని ఉన్నచోట ఫోను తీయాలంటే మనకే సిగ్గేస్తుంది. ఇంట్లో దొరకనిది ఆ సిగ్గే.

మూడో చోటు సముద్రం ఒడ్డు. బీచ్ రోడ్డు మీద సాయంత్రం 6 నుంచి మర్నాడు పొద్దున 7.30 దాకా బళ్ళను రానివ్వరు. సాయంత్రం జనం కిటకిటలాడతారు, చదవడం కుదరని పని. పొద్దున మాత్రం వాకింగ్‌కు వచ్చేవాళ్ళు తప్ప అడిగే దిక్కుండదు. తూర్పు సముద్రం కాబట్టి ఎండ నేరుగా మొహాన కొడుతుంది. ఏడు దాటితే పేజీ తెల్లగా మెరిసి అక్షరాలు కనబడవు, అందుకని సూర్యుడికి వీపు పెట్టి కూర్చోండి.

ఇక్కడ చాలామంది చేసే తప్పొకటి ఉంది. వైట్ టౌన్‌లో పసుపు గోడల కాఫీ హోటల్లో కూర్చుని, కప్పు పక్కన పుస్తకం పెట్టి ఫొటో తీసుకుని, దాన్ని నలుగురికీ పంపి, వచ్చిన జవాబులకు జవాబులిస్తూ గంట గడపడం. కాఫీ తాగితే తప్పేం లేదు. కానీ దాన్ని చదువు ఖాతాలో రాసుకోకండి.

2. వేళను కొత్తగా పుట్టించకండి

‘రేపట్నుంచి తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదువుతా’ అనే ప్రతిజ్ఞ ఎన్నాళ్ళు నిలుస్తుంది? మీకే తెలుసు. కొత్త వేళను సృష్టించేకంటే, ఇప్పటికే ఖాళీగా పారబోస్తున్న వేళను పట్టుకోవడం తేలిక. ఇరవై నిమిషాలు చాలు.

గోరిమేడులో జిప్మర్ ఓపీ దగ్గర నెల్లూరు నుంచో తిరుపతి నుంచో వచ్చిన తెలుగు కుటుంబాలు గంటల తరబడి కూర్చుని ఉంటాయి. రోగి లోపల, తోడొచ్చినవాళ్ళు బయట. ఆ ఆందోళనలో నవల ఎక్కదు. కథ ఎక్కుతుంది. శ్రీపాదవారి కథ ఒకటి, కొడవటిగంటి కుటుంబరావు కథ ఒకటి, టోకెన్ నంబరు పిలిచేలోపు అయిపోయేవి. సంచిలో మందుల చీటీ పక్కన ఒక కథల పుస్తకం ఎప్పుడూ ఉండనివ్వండి. చెన్నై బస్సు ప్రయాణానికీ ఇదే మందు. బస్సులో అక్షరాలు చూస్తే కడుపులో తిప్పేవాళ్ళకు మాత్రం ఈ సలహా వర్తించదు, వాళ్ళు కిటికీలోంచి చూసుకోవచ్చు.

3. లావు పుస్తకాన్ని వాయిదాల్లో చదవండి

అందరూ దడుసుకునేది ఇక్కడే. అల్మరాలో మూడు అంగుళాల మందాన ‘వేయిపడగలు’ కూర్చుని ఉంటుంది. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు పోటీలో అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి బహుమతి పంచుకున్న నవల. చదవాలని ఉంటుంది. ఆ మందం చూడగానే చెయ్యి వెనక్కి వస్తుంది.

అసలు లావు పుస్తకాలు మొదట పాఠకుల దగ్గరికి ఎలా వచ్చాయో ఎప్పుడైనా గమనించారా? ఇదే పుదుచ్చేరిలో 1914 ఆగస్టు 15న శ్రీ అరవిందులు ‘ఆర్య’ అనే నెలపత్రిక మొదలుపెట్టారు. 1921 జనవరి దాకా నడిచింది. ఇవాళ చూడగానే భయపెట్టే ‘ద లైఫ్ డివైన్’ అందులో 1914 నుంచి 1919 దాకా నెలనెలా కొంత కొంతగా వచ్చిందే. దిద్దుబాట్లతో పుస్తకం అయింది 1939, 40ల్లో. అంటే దాని తొలి పాఠకులు నాలుగేళ్ళకు పైగా తీసుకుని చదివారన్నమాట! మనం దాన్ని ఒక వేసవి సెలవుల్లో పూర్తి చేయాలనుకుని, నాలుగో అధ్యాయంలో ఊపిరాడక మూసేసి, మన బుర్రను తిట్టుకుంటాం. రోమా రోలా ‘జా క్రిస్తోఫ్’ పది సంపుటాలు కూడా అంతే. 1904 నుంచి 1912 దాకా ఒక పత్రికలో విడతలుగా వచ్చాయి.

మన ఇళ్ళలో ఈ విద్య తెలియనిదేం కాదు. వారపత్రికల రోజుల్లో పత్రిక రాగానే ఇంట్లో నలుగురూ వంతులేసుకుని చదివాక, ఎవరో ఒక పిన్నిగారు నడుమ ఉన్న పిన్నులు జాగ్రత్తగా ఊడదీసి సీరియల్ కాగితాలు వేరు చేసేవారు. ఏడాది తిరిగేసరికి ఆ కట్టకు దబ్బనంతో మూడు బెజ్జాలు వేసి, దారం పోసి బిగించి, పైన పాత క్యాలెండరు అట్ట అంటించేవారు. మొదటి పేజీ మీద చేతిరాతతో నవల పేరు. ఒక్కో వారం బొమ్మ పడ్డ చోట అక్షరాలు నరుక్కుపోయేవి, వెనకవైపు పళ్ళపొడి ప్రకటన సగం కనబడేది. వందల పేజీల నవల ఆ ఇంట్లో అందరూ చదివేశారు. ‘లావు పుస్తకం చదివాం’ అని ఎవరికీ అనిపించను కూడా లేదు.

కాబట్టి మీ లావు పుస్తకాన్ని మీరే సీరియల్ చేసుకోండి.

మొదట లెక్క కట్టండి. ‘వేయిపడగలు’ ముద్రణను బట్టి వెయ్యి పేజీలు అటూ ఇటూగా ఉంటుంది. రోజుకు ఎనిమిది పేజీలంటే నాలుగు నెలలు. శ్రీ అరవిందుల ‘సావిత్రి’ కావ్యం సుమారు 24,000 పంక్తులు. రోజుకు ఇరవై పంక్తులు చదివితే 1,200 రోజులు, అంటే మూడేళ్ళ మూడున్నర నెలలు. ఎక్కువనిపిస్తోందా? దాన్ని రాసినాయన దశాబ్దాల తరబడి దిద్దుతూనే ఉన్నారు, 1950లో కన్నుమూసేదాకా. మనకు మూడేళ్ళు ఎక్కువా?

రెండోది, వాయిదా అయిపోగానే ఆపేయండి. ఇంకా చదవాలనిపిస్తున్నా సరే ఆపండి. ‘సశేషం’ అని పడ్డప్పుడు కలిగే ఆ చిరాకే రేపు మిమ్మల్ని మళ్ళీ కుర్చీ దగ్గరికి లాక్కొస్తుంది. ఆదివారం ఊపొచ్చి డెబ్భై పేజీలు లాగించి, సోమవారం నుంచి ముట్టుకోనివాళ్ళు ఎందరో!

మూడోది, ఒక రోజు తప్పితే బాకీ కట్టకండి. నిన్నటి ఎనిమిదీ ఇవాళ్టి ఎనిమిదీ కలిపి పదహారు చదవాలనుకున్నారా, మూడో రోజుకు ఇరవై నాలుగవుతాయి, నాలుగో రోజుకు పుస్తకం అల్మరా ఎక్కుతుంది. తప్పిన రోజు తప్పినట్టే. ఇవాళ ఎనిమిది పేజీలే.

4. నచ్చకపోతే వదిలేయండి

మొదలుపెట్టిన పుస్తకం పూర్తి చేసి తీరాలని ఎవరు పెట్టారో ఈ నియమం! విస్తట్లో వదిలేస్తే కళ్ళు పోతాయని పెంచిన ఇళ్ళ నుంచి వచ్చాం కాబట్టి పుస్తకానికీ అదే వర్తింపజేసినట్టున్నాం. నచ్చని నవల నలభయ్యో పేజీలో ఇరుక్కుంటుంది. అది పూర్తి కాదు. అది పూర్తి కాలేదని ఇంకోటి మొదలుపెట్టం. మూడు నెలలు ఏమీ చదవకుండా గడిచిపోతాయి. ఒక్క నచ్చని పుస్తకం వెనకాల వరసలో నిలబడ్డ మంచి పుస్తకాలన్నిటినీ ఆపేస్తుంది.

అమెరికాలో సియాటిల్ గ్రంథాలయంలో పనిచేసిన నాన్సీ పెర్ల్ దీనికొక సులువైన లెక్క చెప్పారు. యాభై ఏళ్ళలోపు వాళ్ళు ఏ పుస్తకానికైనా యాభై పేజీలు అవకాశం ఇవ్వాలి. యాభై దాటినవాళ్ళు వందలోంచి తమ వయసు తీసేయాలి, మిగిలినన్ని పేజీలు చదివితే చాలు. మీకు 62 ఏళ్ళా? 38 పేజీలు. ఎనభై దాటిన తాతగారు ఇరవై పేజీలు కూడా చదవక్కర్లేకుండా ‘ఛీ’ అనేయొచ్చు. వయసుకు ఇంతకన్నా మర్యాద ఎవరిస్తారు?

గొప్ప పుస్తకాలకు మినహాయింపు ఉందా అని అడుగుతారు. లేదు. కాకపోతే ఒక తేడా పాటించండి. నచ్చని మామూలు పుస్తకాన్ని వదిలేయండి. అందరూ గొప్పదంటున్న పుస్తకం ఎక్కకపోతే ‘వాయిదా’ అని రాసి పక్కన పెట్టండి, రెండేళ్ళ తర్వాత మళ్ళీ చూడొచ్చు. ఇరవై ఏళ్ళప్పుడు విసుగెత్తించిన బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ నలభై ఏళ్ళప్పుడు వదలనివ్వకపోవచ్చు. దీనికి తలకిందులుగానూ జరుగుతుంది. కాలేజీలో కన్నీళ్ళు పెట్టించిన నవల ఇప్పుడు తెరిస్తే నవ్వొస్తుంది. దానికీ బెంగపడక్కర్లేదు.

వదిలేయడం సులువు కావాలంటే గ్రంథాలయం నుంచి తెచ్చుకోవడమే మేలు. నాలుగు వందలు పోసి కొన్నది వదలాలంటే ప్రాణం ఒప్పదు. తెచ్చుకున్నదైతే గురువారం ఇచ్చేసి ఇంకోటి పట్టుకొస్తారు. గ్రంథాలయం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పుదుచ్చేరి నుంచి కడలూరు, చిదంబరం దాటి వెళ్తే శీర్కాళి వస్తుంది. గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1892లో పుట్టింది ఆ ఊళ్ళోనే. 1931లో అచ్చయిన ఆ సూత్రాల్లో నాలుగోది పాఠకుడి కాలం వృథా కానివ్వకూడదన్న విషయం మీదే. ఆయన గ్రంథాలయాలను ఉద్దేశించి చెప్పినా, మన కాలానికి మనం కూడా కాపలా కాసుకోవద్దూ?

5. తెలుగు దొరకని ఊళ్ళో తెలుగు చదవడం

‘‘ఇక్కడ తెలుగు పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయండీ?’’ పుదుచ్చేరి తెలుగువాళ్ళ రెండో సాకు ఇది. మొదటిదానికంటే ఇందులో న్యాయం ఎక్కువే. ఊరంతా తమిళం, ఆ పైన ఇంగ్లీషు, వీధి పలకల మీద ఫ్రెంచి. తెలుగు అధికార భాషగా ఉన్న యానాం ఇదే కేంద్రపాలిత ప్రాంతంలోది అయినా, ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్ల దూరాన గోదావరి పాయ పక్కన ఉంది.

అలాగని ఈ ఊరికి తెలుగు కొత్త అనుకోకండి. 18వ శతాబ్దంలో ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా చక్రం తిప్పిన ఆనందరంగ పిళ్ళై ఇక్కడివాడే, రంగపిళ్ళై వీధిలో ఆయన మేడ ఇంకా ఉంది. ఆయన పేరు మీద కస్తూరి రంగకవి తెలుగులో ‘ఆనందరంగరాట్ఛందం’ అని ఏకంగా ఒక ఛందో గ్రంథమే రాశాడు. ఫ్రెంచి కోట నీడలో తమిళ దుబాసీ పేరిట తెలుగు యతులూ ప్రాసలూ! ఇక మన తరానికి దగ్గరగా, 1948లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు కట్టమంచి రామలింగారెడ్డి పేరున్న జాతీయ బహుమతిని శ్రీ అరవిందులకు ఇచ్చింది. రాకపోకలు ఎప్పుడూ ఉన్నాయి. పుస్తకాలు తెప్పించుకునే పని మాత్రం మనమే చూసుకోవాలి.

ఎలాగంటారా? గ్రంథాలయం కౌంటరు దగ్గర మొదటి ప్రశ్న ‘తెలుగు పుస్తకాలు ఏ అల్మరాలో ఉన్నాయి’ అన్నదే కావాలి. అడిగేవాళ్ళు లేని భాషకు బీరువా తాళాలు తుప్పుపడతాయి. శ్రీ అరవిందాశ్రమం పుస్తకాల షాపు ‘శబ్ద’లో శ్రీ అరవిందుల రచనలకూ, ఆశ్రమంలో ‘అమ్మ’ అని పిలుచుకునే శ్రీమాత రచనలకూ తెలుగు అనువాదాలు దొరుకుతాయి. యానాం, కాకినాడల నుంచి చుట్టాలు వస్తుంటే పూతరేకులతో పాటు రెండు పుస్తకాల పేర్లు కూడా చెప్పండి. పేర్లు చెప్పండి, ‘ఏదైనా మంచిది తెండి’ అనకండి. అన్నారంటే మీకు వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు వస్తాయి. పాత పుస్తకాలు కావాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ చేసి పెట్టిన తెలుగు గ్రంథాలు వేలల్లో ఉన్నాయి, తెలుగు వికీసోర్స్‌లో శుభ్రంగా టైపు చేసినవీ ఉన్నాయి, రెండూ ఉచితమే. 1935లో కృష్ణా కాలువల మీద పాతూరి నాగభూషణం పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా రేవులకు పంపించారు. ఇప్పుడు ఆ రేవు మన జేబులోకే వచ్చింది.

పిల్లల సంగతి వేరే చెప్పాలి. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతూ, బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతూ, తెలుగు అక్షరం మాత్రం రాని పిల్లలు ఈ ఊళ్ళో ఇంటింటా ఉన్నారు. వాళ్ళకు తెలుగు నేర్పాలని అమ్మానాన్నలు ఉత్సాహపడి చేసే మొదటి పని శతక పద్యాలు బట్టీ పట్టించడం. రెండోది నీతికథల పుస్తకం కొనివ్వడం. పిల్లవాడు ఆ రెంటినీ చూసి పారిపోతాడు, ఆ తప్పు వాడిది కాదు.

దీనికి ఒక దగ్గరి దారి ఉంది. మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో ‘చందమామ’ మొదలుపెట్టినప్పుడు తెలుగుతోపాటే తమిళంలో ‘అంబులిమామ’ కూడా తెచ్చారు. బేతాళుడు రెండు భాషల్లోనూ అదే చెట్టెక్కాడు. పాత సంచికల స్కాన్లు వెతికితే దొరుకుతాయి. ఒకే కథను రెండు భాషల్లోనూ సంపాదించండి. పిల్ల ముందు తమిళంలో చదివేస్తుంది, కథ తెలిసిపోతుంది. తర్వాత తెలుగు కాగితం మీద వేలు పెట్టి మీరు చదవండి, పక్కన కూర్చుని తను వినాలి. నాలుగో రోజుకు ‘విక్రమార్కుడు’ అన్న మాట ఎక్కడ కనబడ్డా పట్టేస్తుంది. అక్షరమాల చార్టు గోడకు తగిలించడానికి తొందరేం లేదు, ముందు వేలు నడవనివ్వండి. తప్పు చదివితే వెంటనే దిద్దకండి. వాక్యం పూర్తయ్యాక మీరు ఒకసారి సరిగ్గా చదివి వినిపించండి, చాలు.

6. నాలుగు వాక్యాలు రాసుకోండి

ఆనందరంగ పిళ్ళై పేరు ఇవాళ లోకానికి తెలిసింది ఆయన డబ్బు వల్ల కాదు, డైరీ వల్ల. 1736 సెప్టెంబరు నుంచి 1761లో పోయేదాకా తమిళంలో రాసుకుంటూ వచ్చాడు. ఏ ఓడ రేవుకొచ్చింది, బట్టల బేరం ఎక్కడిదాకా వచ్చింది, గవర్నరు ఎవరి మీద మండిపడ్డాడు, అన్నీ. ఇంగ్లీషులోకి తెస్తే 12 సంపుటాలయింది, 1904 నుంచి 1928 దాకా మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. అందులో గొప్ప గొప్ప తీర్మానాల కోసం వెతకకండి. ఆ రోజు జరిగిందేదో ఆ రోజు రాశాడు, అంతే. మధ్యమధ్య ఖాళీలూ ఉన్నాయి.

చదివినదాని గురించి రాయమంటే మనవాళ్ళు ‘సమీక్ష’ రాయబోతారు. ‘రచయిత అద్భుతంగా చిత్రీకరించారు’ అని ఒక వాక్యం రాసి, తర్వాత ఏం రాయాలో తోచక నోటుబుక్కు మూసేస్తారు. సమీక్ష వద్దు. తేదీ వేయండి, పేజీ నంబరు వేయండి, ఆ పేజీలో మీకు పడనిదో అర్థం కానిదో ఒకటి రాయండి. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ చదువుతున్నారనుకోండి. చిన్న నవల, 1947 నాటిది. హేతువాదిగా మొదలై చివరి రోజుల్లో శ్రీ అరవిందుల తాత్వికత వైపు మళ్ళిన రచయితది కాబట్టి పుదుచ్చేరిలో ఉన్నవాళ్ళకు కాస్త ఎక్కువ ఆసక్తి కలగాలి. మీ నోటు ఇలా ఉంటే చాలు: ‘‘పే. 43. సీతారామారావు మీద జాలి పుట్టలేదు, ఒళ్ళు మండింది. భార్యతో ఎవడైనా ఇలా మాట్లాడతాడా? మా బాబాయి మాట్లాడేవాడు.’’

ఆ ఆఖరి వాక్యం ఏ విమర్శకుడూ రాయలేడు. అది మీదే.

నచ్చిన వాక్యాలు ఎత్తి రాసుకోవడం మంచి అలవాటే కానీ, మొదట్లో వద్దు. ఎత్తి రాసుకునేవాళ్ళు చాలామంది అక్కడితో ఆగిపోతారు. తమ మాట ఒక్కటీ రాయరు.

7. ఒక్క తోడు వెతుక్కోండి

ముప్పైమందితో వాట్సాప్ గ్రూపు పెట్టకండి. మొదటి వారం అందరూ పుస్తకాల బొమ్మలు పెడతారు, రెండో వారానికి గుడ్ మార్నింగులు, మూడో వారానికి స్థలాల బేరాలు. ఒకే ఒక్క మనిషి చాలు.

తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి బ్రిటిషువాళ్ళ నుంచి తప్పించుకుని 1908లో ఈ ఊరికి వచ్చి పదేళ్ళున్నారు. శ్రీ అరవిందులు 1910 ఏప్రిల్ 4న వచ్చారు. ఇద్దరూ కలిసి వేదం చదువుకున్నారు. భారతి తోడ్పాటుతోనే అరవిందులు ఆండాళ్, నమ్మాళ్వారుల పాటలను ఇంగ్లీషులోకి తీసుకొచ్చారు. ఇద్దరు మహాకవులు కాబట్టి వాళ్ళకు చెల్లింది అంటారా? కానేకాదు. ఒకరికి తమిళం వచ్చు, ఒకరికి ఇంకోటి వచ్చు. తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు చదివి చెప్పడం, ఎదుటివాళ్ళు అడ్డు ప్రశ్నలు వేయడం. ఇది ముత్యాల్‌పేటలో పక్క పక్క పోర్షన్లలో ఉండే ఇద్దరికీ సాధ్యమే.

ఒకే పుస్తకం ఇద్దరూ చదవండి. వారానికి ఒకసారి గాంధీ విగ్రహం నుంచి డూప్లే విగ్రహం దాకా నడుస్తూ మాట్లాడుకోండి. ఆ మాటలు ఇలా ఉంటే పని జరుగుతున్నట్టే:

‘‘ఎక్కడిదాకా వచ్చావ్ వదినా?’’

‘‘ముప్పై రెండు. ఆ పిల్ల ఇంట్లోంచి వెళ్ళిపోయిందా లేదా చెప్పకు తల్లీ.’’

‘‘చెప్పను గానీ, ఆ అత్తగారు ఉంది చూడు...’’

‘‘చెప్పొద్దన్నానా!’’

మర్నాడు వదినగారు యాభయ్యో పేజీలో ఉంటుంది.

8. పుస్తకం అరువిచ్చేటప్పుడు

రెండే రెండు పనులు. లోపలి అట్ట మీద మీ పేరు పెన్నుతో రాయండి. మీ నోటుబుక్కు వెనక పేజీలో ఎవరికి, ఏ తేదీన ఇచ్చారో వాళ్ళ ముందే రాసుకోండి. చాటుగా రాస్తే ఉపయోగం లేదు, వాళ్ళు చూడాలి. తిరిగి రాకపోతే రెండుసార్లు అడగండి, మూడోసారి ఇంకో ప్రతి కొనుక్కోండి. స్నేహం ఉంటుంది, పుస్తకమూ ఉంటుంది.

తరచుగా వచ్చే సందేహాలు

ఫోన్‌లో చదివితే చదివినట్టేనా? నిస్సందేహంగా. కాకపోతే ఫైలు ముందే దింపుకుని, ఏరోప్లేన్ మోడ్ వేసి, అప్పుడు తెరవండి. స్కాన్ చేసిన పాత పుస్తకాలు నిలువు తెర మీద చీమల బారులా కనిపిస్తాయి, ఫోను అడ్డంగా తిప్పి సగం పేజీ చొప్పున చదవండి. నలభై దాటినవాళ్ళు ముందు కళ్ళద్దాల నంబరు చూపించుకోండి. ‘చదవబుద్ధి కావడం లేదు’ అనేవాళ్ళలో కొందరికి కావలసింది కొత్త అద్దాలే.

ఆడియో వింటే? వినండి. అంట్లు తోమేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు కథలు వినడానికి మించిన హాయి లేదు. కవిత్వం, కథలు చెవికి బాగా ఎక్కుతాయి. వాదనలుండే వ్యాసాలు మాత్రం కళ్ళతో చదవాల్సిందే, వెనక్కి తిరిగి ఒక పేరా మళ్ళీ చూడాల్సి వస్తుంది గనుక.

ఏడాదికి ఎన్ని పుస్తకాలు చదవాలి? లెక్క పెట్టకండి. ఏడాదికి యాభై అని గురి పెట్టుకున్నవాళ్ళు నవంబరు వచ్చేసరికి పలచటి పుస్తకాల కోసం వెతుకుతుంటారు. ‘వేయిపడగలు’ అల్మరాలోనే ఉండిపోతుంది.

ఇంతకీ ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? మీ ఇంట్లో ఇప్పటికే సగం చదివి వదిలేసిన పుస్తకం ఒకటి ఉంది. ఏ పేజీలో ఆపారో గుర్తు లేదు కదా? వెనక్కి వెళ్ళి మొదటి నుంచి చదవకండి. మీకు గుర్తున్న చివరి అధ్యాయం తెరిచి అక్కణ్ణుంచి యాభై పేజీలు చూడండి, పట్టకపోతే పక్కన పెట్టేసి గ్రంథాలయం నుంచి ఇంకోటి తెచ్చుకోండి. వెళ్ళేటప్పుడు అడ్రసు ఉన్న గుర్తింపు కార్డు జేబులో పెట్టుకెళ్తే సభ్యత్వం సంగతి కూడా అదే రోజు కనుక్కోవచ్చు.